పగడపు దిబ్బల గురించి మనోళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు (శ్రీకాకుళం, విజయనగరం తీరం వాళ్ల కోసం)

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగోళ్లు ఊళ్లో దొరుకుతారు, పిల్లలకి సెలవులు. అప్పుడే మేం నలుగురైదుగురం, ఇద్దరు టీచర్లు, మిగతావాళ్లు డిగ్రీ కుర్రాళ్లు, తీరం ఊళ్లలో పగడాల క్లాసు పెడుతుంటాం. ఏ ఊరెళ్లినా అవే డౌట్లు, ఒకసారి చెప్పిందే మళ్లీ ఫోన్లు చేసి అడుగుతారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టేశాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## ముందు అసలు సంగతి

మన సముద్రంలో పగడపు దిబ్బలే లేవు కదా, మనకేటి పని?

లేవు, నిజమే. పగడానికి తేటనీళ్లు కావాలి, ఎండ లోపలికంటా దిగాలి, ఉప్పు సరిగ్గా ఉండాలి. మన దగ్గర వంశధార, నాగావళి, ఇటు బాహుదా, మహేంద్రతనయ, పైన మహానది, గంగ, ఇన్ని నదులు వానాకాలం వచ్చేసరికి బురద, మంచినీళ్లు తెచ్చి పోస్తుంటే దిబ్బ కట్టడం కష్టం. కానీ మనోళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చూడండి. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే 193 కిలోమీటర్ల తీరం ఉంది, అయినా వేటకి వెరావల్ పోతారు, ఓఖా పోతారు, పారాదీప్ పోతారు, వైజాగ్‌లో ఓడెక్కి అండమాన్ పోతారు. పోర్ట్ బ్లెయిర్ బజార్లో (ఇప్పుడు పేరు శ్రీ విజయపురం) కాసేపు నిలబడితే మన యాస చెవిన పడుతుంది. దిబ్బ అక్కడున్నా దాని మీద పడే లంగరు మనోడి చేతిలోదే కావచ్చు.

పగడం రాయా, మొక్కా, జంతువా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు

మూడూ కొంచెం కొంచెం నిజమే. అసలు ప్రాణి జంతువు, పాలిప్ అంటారు, చాలా రకాల్లో బియ్యపు గింజంత కూడా ఉండదు. అది తన చుట్టూ సున్నంతో గూడు కట్టుకుంటుంది, మన గుల్లలో ఉండే సున్నమే, అదే మనకి రాయిలా కనిపించేది. ఇక ఆ పాలిప్ ఒంట్లో కంటికి కనపడనంత సన్న నాచు కాపురముంటుంది, ఎండతో తిండి వండి ఇంటాయనకి పెడుతుంది, పగడానికి కావాల్సిన తిండిలో 90 శాతం దాకా అక్కణ్నించే రావచ్చు. రంగు కూడా ఎక్కువగా ఆ నాచుదే. ఇలాంటి పాలిప్‌లు లక్షలు కలిసి వేల ఏళ్లు కడితే దిబ్బ.

తాళికి గుచ్చే పగడాలు, కుజుడికి పెట్టుకునే ఉంగరం ఇవేనా?

కాదండీ. క్లాసుకొచ్చిన అమ్మలు మొట్టమొదట అడిగేది ఇదే, మెళ్లో పూసలు పట్టుకుని మరీ అడుగుతారు. నగల్లో ఎర్ర పగడం వేరే జాతి, మధ్యధరా సముద్రంలో చీకటి గుహల్లో, లోతుల్లో పెరుగుతుంది, దాంట్లో నాచు ఉండదు, దిబ్బలు కట్టదు. ఏడాదికి మిల్లీమీటరు లావు కూడా పెరగదు కాబట్టి దాన్నీ అడ్డగోలుగా తీస్తే అయిపోతుంది. మీ అమ్మమ్మ ఇచ్చిన పూసలు హాయిగా వేసుకోండి. కొత్తవి కొనేటప్పుడు మాత్రం రంగేసిన గాజుని పగడమని అంటగట్టేవాళ్లు బాగా ఉన్నారు, జాగ్రత్త.

దిబ్బ ఉంటే చేపకేటి లాభం?

సముద్రం అడుగులో దిబ్బలున్న చోటు ఒక్క శాతం కూడా లేదు, కానీ సముద్రంలో బతికే జాతుల్లో దాదాపు నాలుగో వంతు ఎప్పుడో ఒకప్పుడు దిబ్బ మీద ఆధారపడతాయి. లక్షద్వీప్ సంగతి చెప్తే మనోళ్లకి చటుక్కున ఎక్కుతుంది. అక్కడ ట్యూనాని గేలపు కర్రతో ఒక్కొక్కటిగా పడతారు, దానికి ఎరగా బతికున్న చిన్న చేపలు కావాలి, అవి దొరికేది దిబ్బ దగ్గర, దాని లోపలి తేట నీళ్లలో. దిబ్బ పోతే ఎర లేదు, ఎర లేకపోతే ట్యూనా లేదు.

దిబ్బ తుపానుని ఆపుతుందంట కదా?

గాలిని ఆపదు. అలని బాగా విరుస్తుంది. దిబ్బ దాటేలోపు అల బలంలో సగటున 97 శాతం దాకా తగ్గిపోతుందని ప్రపంచంలో చాలా చోట్ల కొలిచి లెక్కగట్టారు. 2018లో తిత్లీ పలాస వైపు చేసింది చూసినోళ్లకి ఇది ఊరికే చెప్పే మాటలా అనిపించదు, మాల్దీవులు, లక్షద్వీప్ లాంటి చోట ఇళ్లు నిలబడుతున్నాయంటే ముందు దిబ్బ ఉండబట్టే.

## వేడి గోల

తెల్లగా అయిపోయిందంటే చచ్చిపోయినట్టేనా?

ఇంకా లేదు. నీళ్లు వేడెక్కితే లోపలి నాచే పగడానికి హాని చెయ్యడం మొదలెడుతుంది, పగడం దాన్ని బయటికి గెంటేస్తుంది, రంగు పోయి అడుగున్న సున్నం తెల్లగా కనపడుతుంది. అంటే వండిపెట్టే మనిషిని ఇంట్లోంచి తరిమేసి ఆకలితో కూర్చున్నట్టు. కొన్ని వారాలు ఓర్చుకోగలదు, నీళ్లు చల్లబడితే నాచు తిరిగొస్తుంది, రంగొస్తుంది. చల్లబడకపోతే చస్తుంది, ఆ మీద పాచి పట్టి మురికి ఆకుపచ్చగా అయిపోతుంది. పాచి పట్టిందంటే ఇక ఆశ లేనట్టే.

ఒక్క డిగ్రీకే అంత గోలేటి? మనకి ఇక్కడ 42 వస్తోంది

మనం నీడకి పోతాం, మజ్జిగ తాగుతాం. పగడం కదల్లేదు కదా. ఒక్క రోజు ఎండ దాన్నేం చెయ్యదు, అక్కడ ఎండాకాలంలో మామూలుగా ఉండే గరిష్ఠ వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వారాల తరబడి నిలబడిపోవడమే అసలు సమస్య. లెక్క ఎలాగంటే, ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలుంటే తెల్లబడడం మొదలవుతుంది, ఎనిమిది వారాలుంటే చావులు మొదలవుతాయి, రెండు డిగ్రీలెక్కువైతే అందులో సగం రోజులు చాలు. మనం గాల్లోకి వదిలిన పొగ వల్ల పెరిగిన వేడిలో 90 శాతం పైగా సముద్రమే మింగింది, అందుకే ముందు దెబ్బ నీళ్లలో ఉన్నవాటికే.

ఇప్పటికి ఎన్నిసార్లు జరిగింది? మన దేశంలో కూడానా?

ప్రపంచమంతా ఒకేసారి తెల్లబడడం నాలుగుసార్లు: 1998, 2010, 2014 నుంచి 2017, మళ్లీ 2023లో మొదలైంది. నాలుగోదాన్ని 2024 ఏప్రిల్లో ప్రకటించారు, అదే అన్నిటికంటే పెద్దది, ప్రపంచంలో ఉన్న దిబ్బల్లో 84 శాతానికి ఆ వేడి తగిలింది. మన దేశంలో 1998లో లక్షద్వీప్ బాగా దెబ్బతింది, 2010లో అండమాన్, 2016లో తమిళనాడు వైపు మన్నార్ గల్ఫ్, 2024లో మళ్లీ లక్షద్వీప్. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య కోలుకునే టైము తగ్గిపోతోంది, నాకు భయం అక్కడే.

సముద్రం పులుపెక్కుతోందంట, నిజమేనా?

నిమ్మకాయ పులుపనుకోకండి, నోట్లో పోసుకుంటే ఉప్పే. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు పావు వంతు సముద్రం పీల్చుకుంటుంది, దాంతో నీటి గుణం ఆమ్లం వైపు కొంచెం జరిగింది, సున్నం గూడు కట్టడం కష్టమవుతోంది. పిల్లలకైతే గ్లాసులో నిమ్మరసం పోసి చిన్న గుల్ల ముక్క వేసి చూపిస్తాం, బుడగలొస్తాయి, ఇంత జోరుగా సముద్రంలో జరగదురా అని కూడా వెంటనే చెప్తాం, లేకపోతే ఇంటికెళ్లి సముద్రం నిమ్మరసమైపోయిందని చెప్తారు.

ఎలాగూ పోతాయని సైంటిస్టులే అంటున్నారు, ఇంకెందుకు ఆరాటం?

2018లో ఐపీసీసీ (వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సైంటిస్టుల సంఘం) చెప్పిన లెక్క ఇదీ: భూమి వేడి 1.5 డిగ్రీలు పెరిగితే దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీలైతే 99 శాతం పైగా. చదివితే నీరసమే వస్తుంది. కానీ అదే లెక్కని అటునుంచి చూడండి, ఆ అర డిగ్రీ ఆపితే నూటికి పదో, ముప్పయ్యో మిగులుతాయి, ఆపకపోతే ఒకటి కూడా మిగలదు. మిగిలినవి ఎక్కడ మిగులుతాయో వాటికి వల, మురుగు, లంగరు దెబ్బ తగలకుండా చూస్తే అవే రేపు విత్తనం. పర్షియన్ గల్ఫ్‌లో 35 డిగ్రీల నీళ్లలో బతుకుతున్న పగడాలున్నాయి, అంటే తట్టుకునే రకాలూ ఉన్నాయి.

## ఊళ్లో, బళ్లో చెప్పేటప్పుడు

పిల్లలు ఎప్పుడూ చూడని దాన్ని ఎలా చెప్పాలి?

మా మొదటి క్లాసు పూర్తిగా ఫెయిలు. పాఠం పుస్తకంలో మాట పట్టుకుని "ప్రవాళ భిత్తికలు" అని బోర్డు మీద రాశాం, ప్రొజెక్టరు తెచ్చాం, కరెంటు పోయింది, నలభై మంది పిల్లలు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. అప్పుడు ఆ బళ్లో వంటమనిషి, మేం పడుతున్న తంటా చూసి అనుకుంటా, ఇదేటి బాబూ జంతికల గిద్దె బిళ్లలా ఉంది అంది మా చేతిలో ఫొటో చూసి. అంతే. ఇప్పుడు ప్రతి క్లాసుకీ నక్షత్రం చిల్లున్న గిద్దె పట్టుకెళ్తాం. ఒక్కో చిల్లు ఒక్కో పాలిప్ ఇల్లు, దగ్గరగా తీసిన పగడం ఫొటో పక్కన బిళ్ల పెడితే తేడా పట్టుకోవడం కష్టం. తర్వాత పిల్లల్ని జంటలుగా నిలబెడతాం, ఒకడు పగడం, ఒకడు నాచు, నాచు చేతిలో బొరుగులు. "వేడెక్కింది" అనగానే నాచులందరూ బయటికి పరిగెత్తాలి, పగడాలు ఖాళీ చేతుల్తో నిలబడాలి. ఐదు నిమిషాల ఆట, కానీ ఆర్నెల్ల తర్వాత వెళ్లినా బొరుగుల సంగతి గుర్తుంటుంది. మన తీరంలో పిల్లలకి తాబేళ్ల గుడ్లు, హేచరీలు ముందే తెలుసు, అక్కణ్నించి మొదలెట్టినా బాగుంటుంది.

పెద్దోళ్లు వినరు, "సముద్రం గురించి మాకు చెప్పొచ్చావా" అంటారు. ఏం చెయ్యాలి?

వాళ్లన్నది కరెక్టే, ముందు ఒప్పేసుకోండి. మేం చెప్పడం మానేసి అడగడం మొదలెట్టాం. తాతా, నీ చిన్నప్పుడు ఏ చేప ఎక్కడ పడేది, ఇప్పుడెక్కడ పడుతోంది, అని. గంట మాట్లాడతారు. ఆ తర్వాత ఫిలిప్పీన్స్‌లో ఆపో దీవి కథ చెప్తాం. అక్కడా చేప తగ్గిపోయింది, ఏంజెల్ అల్కాలా అని సముద్ర శాస్త్రం ప్రొఫెసరు తీరంలో ఒక చిన్న ముక్క వదిలెయ్యండి, అక్కడ వేట వద్దు అన్నాడు. జాలర్లు ఊరుకుంటారా, ఉన్నదే తక్కువ అందులోనూ కోతా అన్నారు. ఆయన వాదించలేదు, అప్పటికే అలా వదిలేసిన సుమిలాన్ అనే పక్క దీవికి కొంతమందిని తీసుకెళ్లి చూపించాడు. 1982లో ఊళ్లోవాళ్లే గీత గీసుకున్నారు, వాళ్లే కాపలా కాశారు. కొన్నేళ్లకి లోపల పెరిగిన చేప బయటికి రావడం మొదలైంది. పెద్దోళ్లకి స్లైడ్లు ఎక్కవు, ఇంకో జాలరి చెప్పిన మాట ఎక్కుతుంది.

ఆడవాళ్లని కూడా పిలవాలా?

ముందు వాళ్లనే పిలవండి. చేప అమ్మేది వాళ్లు, ఏ సైజు తగ్గిందో మగోళ్ల కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. పొద్దున్న పెట్టకండి, గంపలు దించి వచ్చాక సాయంత్రం పెట్టండి.

రంగుల కార్డు అని చూపిస్తారు, అదేటి?

కోరల్ వాచ్ అని ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ వాళ్లు 2002లో మొదలెట్టిన పని. కార్డు మీద లేత నుంచి ముదురు దాకా ఒక్కో రంగులో ఆరు మెట్లుంటాయి, నీళ్లలో పగడం పక్కన పెట్టి ఏ మెట్టుకి సరిపోతోందో రాసుకోవాలి. లేత వైపు జరుగుతోందంటే ఒంట్లో నాచు తగ్గుతోందని. సైన్సు చదవక్కర్లేదు, పెయింటు షాపులో షేడ్ కార్డు చూసే మనిషి ఎవరైనా చెయ్యగలరు. అండమాన్లో ఉన్న మన కుర్రాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

## వలసెళ్లేవాళ్లకి, టూరుకెళ్లేవాళ్లకి

దిబ్బ ఉన్న చోట లంగరు ఎక్కడ వెయ్యాలి?

ఇసకలో. తేటనీళ్లలో లేత రంగు మచ్చ ఇసక, ముదురు మచ్చ దిబ్బ, ఎక్కువగా ఇంతే. తాడు కట్టుకోవడానికి బోయా ఉంటే దానికే కట్టండి. ఒక్క లంగరు ఈడ్చుకుపోయిందంటే ముప్పై నలభై ఏళ్లు పెరిగిన గుండ్రాయి లాంటి పగడం పగులుతుంది, మన తాడూ అక్కడే చిక్కుకుంటుంది, ఇద్దరికీ నష్టమే.

వల దిబ్బకి చిక్కుకుంది, కోసి వదిలెయ్యమంటారా?

ప్రాణం మీదకొస్తే కొయ్యండి, అందులో రెండో మాట లేదు. కానీ వదిలిన నైలాన్ వల ఏళ్ల తరబడి అక్కడే వేట చేస్తుంది, ఎవరూ తినని వేట. పగడానికి ఎండ తగలనివ్వదు, రాసుకుని గాయం చేస్తుంది. 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో ప్లాస్టిక్ తగులుకున్న పగడాల్లో జబ్బు వచ్చే అవకాశం 4 శాతం నుంచి 89 శాతానికి పెరిగినట్టు తేలింది. జీపీఎస్‌లో ఆ చోటు గుర్తు పెట్టి ఒడ్డుకొచ్చాక ఫారెస్టు వాళ్లకో ఫిషరీస్ వాళ్లకో చెప్పండి. వల ఖరీదు తెలిసినోళ్లం కాబట్టి చెప్తున్నా, ఎవరూ సరదాకి వదలరు.

మావయ్య అండమాన్ నుంచి తెచ్చిన తెల్ల పగడం షోకేసులో ఉంది, కేసవుతుందా?

దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులి ఉన్న లిస్టే అది. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్కైనా సరే తేకూడదు, అమ్మకూడదు, ఎవరికీ గిఫ్టుగా ఇవ్వకూడదు. ఇంట్లో పాతది ఉంటే దాచిపెట్టి భయపడే కంటే ఫారెస్టు ఆఫీసులో అడిగి అప్పగించేయడం మేలు. ఈసారి వెళ్లినోళ్లని మాత్రం ఏమీ తేవద్దని చెప్పండి, ఫొటోలు చాలు.

టూరుకెళ్తున్నాం, స్నార్కెలింగ్ చెయ్యొచ్చా?

చెయ్యండి, చూస్తేనే ప్రేమ పుడుతుంది. అండమాన్లో వండూర్ దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కు 1983 నుంచి ఉంది, ఈత రాకపోతే గాజు అడుగున్న బోటులో కూర్చుని చూడొచ్చు. దిబ్బ మీద నిలబడొద్దు, కాళ్లు కొట్టొద్దు. సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్ ఉంటే వద్దు, 2021 నుంచి హవాయిలో అమ్మకమే ఆపేశారు. ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని దిగితే ఆ బాధే లేదు.

## నాటడం

పగడాన్ని నాటడమంటే మొక్క నాటినట్టేనా?

మందార కొమ్మ విరిచి గుచ్చితే వస్తుంది చూడండి, అలాగ. విరిగిపడిన వేలెడు ముక్కల్ని ఏరి, తాడుకో ఇనుప బల్లకో కట్టి నీళ్లలో నర్సరీ పెడతారు, పాచి గోకుతూ కొన్ని నెలలు పెంచుతారు, తర్వాత దిబ్బ మీద గట్టిచోటు చూసి జిగురుతోనో తీగతోనో అతికిస్తారు. రాయిలాంటి రకాల్ని గోరంత ముక్కలుగా కోస్తే మామూలు కంటే వేగంగా పెరుగుతాయని ఫ్లోరిడాలో డేవిడ్ వాన్ కనిపెట్టాడు. ఇంకో పద్ధతి గుడ్లు పట్టడం. చాలా పగడాలు ఏడాదికొకసారి, పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో, అన్నీ ఒకేసారి గుడ్లు వదులుతాయి, నీటి కింద గులాబీ రంగు మంచు పైకి కురుస్తున్నట్టుంటుందట. వాటిని పట్టి పిల్లల్ని పెంచి దిబ్బ మీద వదులుతారు. ఇలా పుట్టినవి ఒక్కొక్కటి వేరు వేరు రకం రక్తం, ముక్కలు నాటితే అన్నీ ఒకే తల్లి నకళ్లు, వేడొస్తే అన్నీ కలిసి పోయే ప్రమాదముంది.

మన దేశంలో ఎక్కడ చేస్తున్నారు?

తూత్తుకుడిలో సుగంతి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు 2002 నుంచి మన్నార్ గల్ఫ్‌లో నాటుతున్నారు, ఒకప్పుడు సున్నం కోసం, ఇళ్ల కోసం పగడం తవ్వేసిన చోటది, 21 దీవులున్నాయి. గుజరాత్‌లో మిథాపూర్ దగ్గర, అంటే ఓఖా వెళ్లే మనోళ్లకి తెలిసిన వైపే, 2020లో జూలాజికల్ సర్వే వాళ్లు, ఫారెస్టు శాఖ కలిసి ఇనుప చట్రానికి సన్నగా కరెంటు పెట్టి దాని మీద సున్నం పేరుకునేలా చేసే బయోరాక్ పద్ధతి మొదలెట్టారు.

ఎన్నాళ్లకి దిబ్బవుతుంది?

కొమ్మల రకం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా, గుండు రకం ఒక్క సెంటీమీటరు. ఇండోనేసియాలో సులవేసి దగ్గర బాంబులు పేల్చి చేపలు పట్టడంతో పిండైపోయిన చోట ఇసక పూసిన ఇనుప చట్రాలు వేసి నాటితే నాలుగేళ్లకి పెరుగుదల వేగంలో మంచి దిబ్బతో సమానమైంది. కానీ అన్ని జాతులూ తిరిగి రాలేదు, కొమ్మల రకమే ఎక్కువ.

మన బారువ దగ్గరో చింతపల్లి దగ్గరో నాటేద్దామా?

కుర్రాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు. వద్దు. బురద నీళ్లలో చచ్చిపోతాయి, పైగా పగడం ముక్క తేవడమే చట్టం ఒప్పుకోదు. బారువ దగ్గర మునిగిన పాత ఓడ మీద, చింతపల్లి వైపు నీటి కింద రాళ్ల మీద ఇప్పటికే ఉన్న జీవాలు మనకి చాలు, వాటిని చూసుకుందాం.

సిమెంటు దిమ్మలు దించుతున్నారు కదా, అవి పగడాలేనా?

కాదు, కృత్రిమ దిబ్బలు. మత్స్య సంపద యోజన కింద వేస్తున్నారు, చేప చేరడానికి ఇల్లు. ట్రాలర్లు అడుగు గోకకుండా అడ్డం కూడా. మంచి పనే, పేరు ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు.

నాటేస్తే సమస్య తీరిపోతుందా?

2023 జులైలో ఫ్లోరిడాలో ఒక ఖాతంలో నీళ్లు 38 డిగ్రీలు దాటాయి, ఏళ్ల తరబడి పెంచిన నర్సరీ పగడాల్ని బకెట్లలో పెట్టి ఒడ్డున తొట్టెల్లోకి మోసుకురావాల్సొచ్చింది. ఆ ఫొటోలు చూస్తే తుపానుకి పిల్లల్ని చంకనేసుకుని షెల్టరుకి పరిగెత్తినట్టే అనిపించింది నాకు. వేడి తగ్గకుండా నాటుడు ఒక్కటే పెట్టుకుంటే చిల్లుకుండలో నీళ్లే.

డబ్బు కడితే మా పేరు మీద పగడం నాటుతామంటున్నారు, నమ్మొచ్చా?

ఒక్కటే అడగండి, రెండేళ్ల కిందట నాటినవాటిలో ఎన్ని బతికున్నాయి అని. ప్రపంచంలో ఇలాంటి ప్రాజెక్టులు చాలావాటిని ఏడాదిన్నర కూడా గమనించలేదు. నాటిన రోజు ఫొటో అందరి దగ్గరా ఉంటుంది.

## ఇక్కణ్నించే

నేను ఎప్పుడూ అండమాన్ వెళ్లను, నేనేం చెయ్యగలను?

మీ అన్నో బావో వెళ్తున్నాడుగా, లంగరు మాట చెప్పండి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది కదా, చేప ఎక్కడ పడుతుందో మనకి సమాచారం పంపేది, వాళ్లే పగడాలు తెల్లబడే ప్రమాదం మీద కూడా హెచ్చరికలు ఇస్తారు. ఏప్రిల్, మే నెలల్లో అవి చూసి అక్కడున్న మనోళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం మా కుర్రాడొకడు చేస్తున్నాడు, ఒక్కడే. ఇంకొకడుంటే బాగుణ్ను.

మా ఊళ్లో క్లాసు పెట్టాలంటే ఏం కావాలి?

చెట్టు నీడ, గిద్దె, రెండు గ్లాసులు, నాలుగు నిమ్మకాయలు, కిలో బొరుగులు. ప్రొజెక్టరు వద్దు. గంగమ్మ పండగ రోజు మాత్రం పెట్టకండి, ఒకసారి పెట్టాం, మేమే క్లాసు ఆపేసి ఊరేగింపు వెనక పోయాం.